చివరి మెట్టు నాదే

దగ్గరికి రా, పిచ్చుకా. ఇంకా దగ్గరికి. ఆ బల్ల మీద కాదు, ఇదిగో, నా పక్కన గోడకు ఆనుకుని కూర్చో. మోకాలి కట్టు జారకుండా కాలు చాపుకో. మీ అమ్మ లోపల తలుపు వేసుకుని రాసుకుంటోంది, ఆరు దాటితే గాని బయటికి రాదు. ఈలోగా చెప్పేస్తాను.

నిన్న నువ్వు అడిగావు కదా, "ఈ వయసులో నీకీ దూకుళ్లేంటి అమ్మమ్మా?" అని. కింది అంతస్తు లాయరుగారి భార్య కూడా అడిగింది. పాల దుకాణం అతను అడగలేదు గాని నవ్వాడు. డాక్టరైతే నా మోకాళ్ల ఫోటో వెలుతురులో పెట్టి చూసి, "ఇవి మోకాళ్లు కావమ్మా, పగిలిన గాజు గ్లాసులు" అన్నాడు. అయినా మూడు రోజులుగా నేను మూడంతస్తుల మెట్లెక్కి, చివరి మెట్టు మీదికి రెండు కాళ్లతో ధబ్బున దూకుతున్నాను. ఎందుకో తెలియాలంటే మొదటి నుంచి వినాలి, మధ్యలో లేవకూడదు. నీకు పదేళ్లు నిండాయి. పదేళ్ల పిల్ల ఒక మాట మోయగలదు.

మీ అమ్మకు పాటల పిచ్చి ఇవాళ్టిది కాదు. నీ అంత ఉన్నప్పుడే రేడియోలో పాట వస్తుంటే ముఖం చిట్లించి, "ఆ మాట అక్కడ సరిగ్గా కూర్చోలేదు" అనేది. రెండేళ్లు బడికి వెళ్లిన దాన్ని, నాకేం తెలుసు? మాట కూర్చోవడమేమిటి, నిలబడడమేమిటి అనుకునేదాన్ని. పెద్దయ్యాక మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మందు పెట్టెలో సన్నటి కాగితం మడిచి పెడతారు చూడు, ఎన్ని పూటలు మింగాలి, మింగితే ఏమేం ముంచుకొస్తాయి అని చీమ తలకాయంత అక్షరాలతో. ఆ కాగితాల్లో తప్పులు పట్టడం దాని పని. పగలంతా ముంచుకొచ్చేవాటి జాబితాలు చదివేది. తెల్లవారుజామున లేచి, నేను పాలు కాచేలోగా పాటలు రాసుకునేది.

ఎనిమిదేళ్లు తిరిగింది స్టూడియోల చుట్టూ. మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్లి బయట బెంచీ మీద కూర్చునేది. "రేపు రండి" అనేవాళ్లు. ఆ రేపటికి ఎప్పుడూ తెల్లారలేదు. గోడల రంగు ప్రకటనకు రెండు ముక్కలు, పళ్లపొడి ప్రకటనకు నాలుగు ముక్కలు రాసింది. తర్వాత ఒక పెద్ద రచయిత దగ్గర చేరింది. ఆయనకు ఊపిరాడనంత పని. పల్లవి మీ అమ్మది, పేరు ఆయనది. బస్సులో పక్కసీటు మనిషి తన పాటే కూనిరాగం తీస్తుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. ఎలా చెప్పుకుంటుంది? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

అప్పుడు దొరికాడు బొంగురాయన. పాటలకు వరసలు కట్టే మనిషి, బాగా పేరున్నవాడు, గొంతు మాత్రం గచ్చు మీద కుర్చీ ఈడ్చినట్టుంటుంది. ఆ పేరు మీ చిన్న తాత పెట్టాడు. బొంగురాయన వరస కట్టి, అసలు మాటలు ఇంకా లేవు గనక నోటికొచ్చినవి అంటూ ఫోనులో పాడి పంపేవాడు. 'టీ చల్లారే, ఫ్యానాగే, ఎవడ్రా తలుపు తీసే' అని, ఇలాంటివి. ఆ ఉత్తుత్తి మాటలు తీసేసి, వాటి కొలతకు వెంట్రుకవాసి తేడా లేకుండా అసలు మాటలు పెట్టాలి.

"దర్జీ పనే కదే ఇది" అన్నాను మీ అమ్మతో. "కాకపోతే దర్జీ ఒంటిని బట్టి చొక్కా కుడతాడు. నువ్వు చొక్కా చేత్తో పట్టుకుని, దానికి సరిపోయే ఒంటి కోసం వెతుకుతున్నావు."

అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

మొదటి పెద్ద పాట ఒక సినిమాకు. కథలో ఇంటి పెద్ద చనిపోతాడు, ఇంటివాళ్లు ఖాళీ కుర్చీ చుట్టూ తిరుగుతుంటే వెనక పాట రావాలి. మీ అమ్మ రెండుసార్లు రాసిస్తే వద్దన్నారు. మూడోసారి నిన్ను చంకనేసుకుని నేనూ వెంట వెళ్లాను. నీకప్పుడు నాలుగేళ్లు. గోడలన్నిటికీ గుడ్ల అట్టల్లాంటివి అంటించిన గది. అందులో తుమ్మితే ఆ తుమ్ము ఎక్కడికి పోతుందో తెలియదు, గోడలు మింగేస్తాయి. నువ్వు భయపడి నా మెడ వదల్లేదు.

బొంగురాయన కాగితం చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కన్నీళ్లు బిందెలకొద్దీ ఉన్నాయమ్మా. మనిషే లేడు. పోయిందెవరో తెలియకుండా ఎవరి కోసం ఏడవమంటావు?"

"సినిమాలో తండ్రి కదండీ."

"సినిమా తండ్రి ఎవడికి కావాలి? రేపటికి నాకో మనిషిని పట్టుకురా. నీవల్ల కాదంటే చెప్పు, ఇంకో అమ్మాయి రాసి పెట్టుకుని కూర్చుంది."

నాకో మనిషిని పట్టుకురా. ఈ మాట గుర్తుపెట్టుకో, పిచ్చుకా. అన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

మర్నాడు ఆదివారం, మీ చిన్న తాత వచ్చాడు. నా ఒక్కగానొక్క తమ్ముడు, లిఫ్టులు బాగుచేసేవాడు. నువ్వు వాడి భుజమెక్కి, చెవులే లిఫ్టు మీటలని నొక్కేదానివి. కుడి చెవి నొక్కితే లేచేవాడు, ఎడమ చెవి నొక్కితే కూర్చునేవాడు. చేతులకు ఎప్పుడూ నల్లటి నూనె ఉండేది గనక గంటను మోచేత్తో నొక్కేవాడు. మోచేయి మొద్దుది కదా, ఆ గంట మోగితే మోగుతూనే ఉండేది. మీ అమ్మ వాణ్ణి వంటగదిలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి నోటుపుస్తకం తెరిచింది.

"మామయ్యా, నువ్వు లేవనుకో."

"అనుకున్నాను. హాయిగా ఉంది. చెప్పు."

"నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ముందు ఏ చప్పుడు ఆగిపోతుంది?"

వాడు తల గోక్కున్నాడు. "మీ అమ్మ నన్ను తిట్టే చప్పుడు."

"నిజంగా చెప్పు మామయ్యా."

"నిజంగానా? గంట. నాలాగా ఎవడూ కొట్టడు కదా." ఆ తర్వాత ఒకటొకటే చెప్పుకుపోయాడు. దువ్వెన మేజోడులో పెట్టుకోవడం, ఏ గుమ్మంలో నిలబడినా చౌకట్టు వంకరేమో అని అరచెయ్యి ఆనించి చూడడం, టీ కప్పు అడుగున ఒక గుక్క ఎప్పుడూ మిగల్చడం. మీ అమ్మ తలెత్తకుండా రాసుకుంది. నాకు ఒళ్లు మండింది.

"బతికున్నవాణ్ణి పెట్టుకుని ఏం రాతలే ఇవి?"

"రాయనీ అక్కా" అన్నాడు వాడు. "పోయాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు. పాటే పుడితే నూరేళ్లు ఖాయం."

ఆ పాట బొంగురాయన ఒకేసారి చదివాడట, కాగితం కింద పెట్టలేదట. తెర మీద మొదటిసారి మీ అమ్మ పేరు ఒక్కటే పడింది, పక్కన ఎవరి పేరూ లేకుండా. ఆ శుక్రవారం నుంచి టాక్సీల్లో, మంగలి దుకాణాల్లో, ఆసుపత్రి వరండాల్లో అదే పాట. మీ చిన్న తాత ఊరంతా చాటుకున్నాడు, "చచ్చింది నేనే" అని.

పదకొండో రోజు మధ్యాహ్నం పనిలో భోజనానికి కూర్చున్నాడు. అన్నం డబ్బా మూత తీసి, పక్కవాడితో "ఈ గోడ కొంచెం వంకరగా లేదూ?" అన్నాడట. అంతే, అలాగే ఒరిగిపోయాడు. గుండె అన్నారు. సాగనంపే రోజు వాడితో పనిచేసేవాళ్లు ఆ పాటే పెట్టారు. ఎవరి మీద రాసిందో వాళ్లకు తెలియదు, పాపం. "అచ్చం మన అన్న గురించే రాసినట్టుంది" అని ఏడ్చారు. మీ అమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది.

నేనేమీ అనుకోలేదప్పుడు. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే అనుకున్నాను. ఆ పాట తర్వాత మీ అమ్మకు పని దొరికింది. మందుల కంపెనీ మానేసింది. రచయితల సంఘంలో కార్డు వచ్చింది, కార్డు మీద ఫోటోలో నవ్వుతూ ఉంటుంది చూడు. ప్రేమ పాటలు రాసింది, జోల పాటలు రాసింది, వచ్చాయి, పోయాయి. జనానికి మాత్రం ఆవిడ ఏడుపు పాటలావిడే. రెండేళ్లకు మళ్లీ అలాంటిదే కావాలన్నారు.

కింద ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది కదా, అప్పుడక్కడ ఇస్త్రీ ఆవిడ ఉండేది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడేది, ఒక్కటీ కింద పడేది కాదు. మీ అమ్మ చీర ఇచ్చే మిషతో వెళ్లి గంటసేపు కూర్చుంది.

"ఏంటమ్మా, ఎన్నడూ లేనిది కుర్చీ లాక్కుని కూర్చున్నావు? చీరకు కాపలానా?" అంది ఆవిడ.

"నువ్వు దుకాణం మూసేస్తే ఈ వీధిలో ముందు ఏ చప్పుడు ఆగిపోతుంది, అత్తా?"

"పెట్టె దించే చప్పుడు. దక్, దక్ మని. ఎదురింటి పసివాడు దానికి నిద్రపోతాడట, వాళ్లమ్మే చెప్పింది. ఆదివారం నేను రాకపోతే వాడు పడుకోడట."

పాట వచ్చింది. మొదటిదాన్ని మించిపోయింది. పంతొమ్మిదో రోజు ఆవిడకు జ్వరమని దుకాణం తెరవలేదు. ఇరవయ్యో రోజు ఎదురింటి పసివాడు పొద్దుటి నుంచి ఒకటే ఏడుపు. ఎందుకో వీధిలో అందరికీ మధ్యాహ్నానికి తెలిసింది.

ఆ సాయంత్రం మీ నాన్న బస్సు దిగి ఇంటికొచ్చాడు. దూరపు బస్సులు నడిపే మనిషి, వారానికి రెండు రోజులే ఇంట్లో ఉండేది. చొక్కా మార్చుకుంటుంటే మీ అమ్మ గుమ్మంలో నిలబడి, మామూలుగానే, "నీ హారను అందరి హారనులా ఉండదు కదూ?" అంది. మీ నాన్న చొక్కా సగం విప్పినవాడు మళ్లీ తొడుక్కున్నాడు.

"నా గురించి ఏదీ అడక్కు" అన్నాడు. "నేనెలా పడుకుంటానో, ఎలా తింటానో, ఏదీ నీకు తెలియకుండా ఉండడమే మంచిది." నా వైపు తిరిగి, "అత్తయ్యగారూ, నేను డిపోలో పడుకుంటాను. పిల్లను చూసుకోండి" అన్నాడు. అప్పటి నుంచి నెలకోసారి వచ్చి నిన్ను కిందికి పిలిచి చూసి వెళ్తున్నాడు. మీ నాన్నకు మనమంటే ఇష్టం లేక కాదు. ఆయన పెద్దగా మాట్లాడడు గాని, దారి మలుపులు ముందే పసిగట్టే మనిషి.

మీ అమ్మ ఊరుకుందా అంటే, ఊరుకుంది. అది రాక్షసి కాదు, నా కడుపున పుట్టిందే. ఇక మనుషుల్ని కూర్చోబెట్టి రాయనని నా చేతిలో చెయ్యేసి చెప్పింది. అన్న మాట మీద మూడేళ్లు ఉంది కూడా. ఆ మూడేళ్లలో రాసిన ఏడుపు పాటలన్నీ ఊహించి రాసినవి. బొంగురాయన ప్రతిదానికీ, "మనిషెక్కడమ్మా?" అన్నాడు. మెల్లగా ఫోనులు తగ్గాయి. ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకతె కొత్తగా వచ్చింది, పాటలన్నీ అటు పోయాయి. ఫోను మోగితే ముగ్గురం ఒక్కసారే తలెత్తేవాళ్లం, నీకు గుర్తుండే ఉంటుంది. మీ అమ్మ మందుల కంపెనీకి దరఖాస్తు రాసి, కవరు అంటించి, నాలుగు రోజులు బల్ల మీదే ఉంచింది.

అయిదో రోజు వరస వచ్చింది. పెద్ద సినిమా. కథలో పదేళ్ల పిల్ల పోతుంది.

మీ అమ్మ రెండుసార్లు రాసింది, రెండుసార్లూ తిరిగొచ్చింది. "పిల్లెక్కడ?" అన్నాడు బొంగురాయన. గురువారం దాకా గడువు ఇచ్చాడు. మంగళవారం మధ్యాహ్నం, నువ్వు బడిలో ఉన్నప్పుడు, మీ అమ్మ వంటగదిలోకి వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది. ఒళ్లో నోటుపుస్తకం, కొత్త పేజీ.

"అమ్మా, పిచ్చుక నిద్రలో ఎటు తిరిగి పడుకుంటుంది?"

నా చేతిలో ఉన్న గ్లాసు మెల్లగా గట్టు మీద పెట్టాను.

"ఎందుకే?"

"ఊరికే. పాటకు."

"పక్కింటి పిల్ల మీద రాసుకో." నోరు జారి అన్నాను గాని తర్వాత సిగ్గుపడ్డాను. పక్కింటి పిల్లకు మాత్రం అమ్మమ్మ లేదూ?

"పక్కింటి పిల్ల గురించి నాకేం తెలుసు?"

"నీ పిల్ల గురించి తెలుసా?"

"తెలియకే కదా నిన్ను అడుగుతున్నాను" అంది.

"వద్దే. తమ్ముడు, ఇస్త్రీ ఆవిడ, చాలదా?"

"నువ్వు కూడానా అమ్మా? మామయ్యకు గుండె జబ్బు. ఆవిడకు జ్వరం. నా పెన్నులో విషముందా?"

"లేదు. మరి ఆ పెన్ను ఇంకా పేజీకి ఎందుకు ఆనించలేదు?"

పెన్ను పేజీ మీద పెట్టింది. "ఇదొక్కటే. దీని తర్వాత ఏడుపు పాటలు రాయను. ఇది పోతే నేను మళ్లీ ఆ చీమ తలకాయల్లోకి పోవాలి, ఇక బయటికి రాలేను."

ఇదొక్కటే అన్నవాళ్లు ఒక్కదానితో ఆగగా నేను చూడలేదు. కాదంటే ఏమవుతుందో ఆలోచించాను. సాయంత్రం నిన్నే ఆ పీట మీద కూర్చోబెడుతుంది. నువ్వేమో వసపిట్టవు, అడిగినదానికి అడగనిదానికి అన్నీ చెబుతావు. అందుకని తడిచేతులు తుడుచుకుని దాని ఎదురుగా కూర్చున్నాను.

"రాసుకో" అన్నాను.

"చల్లటి నీళ్లనైనా ఊదుకుని తాగుతుంది. ఒకసారి నోరు కాలింది, అప్పటి నుంచీ."

రాసుకుంది.

"పెన్సిలు చెక్కిన పొట్టు పారేయదు. అగ్గిపెట్టెలో దాస్తుంది. వాసన చూస్తుంది."

రాసుకుంది.

"దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుంటే గాని నిద్రపోదు."

"ముందు ఏ చప్పుడు ఆగిపోతుందమ్మా?"

"గోడ తట్టే చప్పుడు. పడుకునే ముందు వేలితో మూడుసార్లు తడుతుంది."

పిచ్చుకా, నువ్వు నీళ్లు గటగటా తాగుతావు. పెన్సిలు పొట్టు మంచం కిందికి ఊదేస్తావు. దుప్పటి పొద్దున్నకి నేల మీద ఉంటుంది. అవన్నీ నావి. రెండేళ్ల బడి మాన్పించినప్పుడు నాకు మిగిలింది ఆ అగ్గిపెట్టెడు పొట్టే. గోడ తట్టింది నేనే. అవతల పక్క మా తమ్ముడు పడుకునేవాడు, వాడు తిరిగి మూడుసార్లు తట్టేవాడు. అప్పుడిద్దరం నిద్రపోయేవాళ్లం. ఏడేళ్ల నన్ను తీసి మీ అమ్మ పుస్తకంలో పెట్టాను, నీ పేరు చెప్పి.

భయం వేసింది, గుర్తుపడుతుందేమోనని. చెప్పడం అయ్యాక దాహమేసి గట్టు మీద గ్లాసు తీసుకున్నాను. కుండలోని నీళ్లు, చల్లగా ఉన్నాయి. అలవాటు కదా, దాని ముఖం ముందే రెండుసార్లు ఊది తాగాను. నలభై ఏళ్లుగా అది చూస్తున్నదే. తలెత్తి నా వైపు చూసింది కూడా. "ఇంకా?" అంది.

గురువారం బొంగురాయన ఫోను చేశాడు. బొంగురు గొంతు ఇంకా బొంగురు పోయి ఉంది. "దొరికిందమ్మా పిల్ల" అన్నాడట. మీ అమ్మ నిన్ను ఎత్తుకుని తిప్పింది, గుర్తుందా? ఎందుకో తెలియక నువ్వూ నవ్వావు. దరఖాస్తు కవరు చింపి పారేసింది. నేను హమ్మయ్య అనుకున్నాను. పోతే ముసలిది పోతుంది. అరవై ఎనిమిదేళ్ల దాన్ని, ఇంకా ఎన్ని చూడాలి?

మూడు వారాలకు పాట తయారై వచ్చింది. పొద్దున్నే మీ అమ్మ నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి వినిపించింది. పాడిన అమ్మాయి గొంతు గాజుగిన్నెలా ఉంది. నీళ్లు ఊదడం వచ్చింది. అగ్గిపెట్టె వచ్చింది. చరణంలో దుప్పటి అంచు, దాని వెనకే గోడ తట్టడం. నన్ను నేను చూసుకుంటున్నట్టుంది, నా మీద నాకే జాలేసింది. కాని పల్లవి, అదే తిరిగి తిరిగి వచ్చేది, జనం నోటికెక్కేది, అది నేను చెప్పింది కాదు. మెట్ల గురించి. అన్ని మెట్లూ నడిచి వచ్చి, చివరి మెట్టు మీదికి రెండు కాళ్లతో ఒక్క దూకు.

అది నువ్వు, పిచ్చుకా. అది అచ్చంగా నువ్వు.

"ఇది నేను చెప్పలేదే" అన్నాను.

మీ అమ్మ నవ్వింది. ఎన్నేళ్లయిందో అలా నవ్వి. "అదొక్కటి నేనే పట్టుకున్నానమ్మా. లోపల తలుపు వేసుకుని రాసుకుంటుంటానా, నాలుగున్నరకు ఆ ధబ్బుమన్న చప్పుడు వినపడుతుంది. అది వినబడే దాకా ప్రాణం కుదుటపడదు. నా పిల్ల గురించి నాకేం తెలుసని అడిగావు కదా. ఇది తెలుసు."

ఏం చెప్పను నేను? తల్లికి తన పిల్ల గురించి ఒక్క సంగతి తెలిసిందని సంతోషించనా? అన్నీ మార్చి ఇచ్చాను, ఆ ఒక్కటీ ప్రేమతో పట్టుకుంది, పట్టుకుని పల్లవిలో పెట్టింది.

"ఆ ముక్క తీసేయించు" అన్నాను.

"ఎలా తీస్తారమ్మా? పాడిన అమ్మాయి వెళ్లిపోయింది. శుక్రవారం విడుదల."

నా సంగతి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే? చెప్పినంత మాత్రాన చివరి మెట్టు పాటలోంచి లేచిపోదు. తన పాటలో ఉన్నది తన తల్లేనని మాత్రం తెలుస్తుంది. అది తెలిశాక దాని చేతులు పెన్ను పట్టవు, అన్నం ముద్దా పట్టవు. మింగేశాను.

శుక్రవారం పాట బయటికి వచ్చింది. ఆదివారం నువ్వు పరుగున మెట్లెక్కి, చివరిదాని మీదికి దూకి, జారి, మోకాలు చీల్చుకున్నావు. నాలుగు కుట్లు. "పిల్లలన్నాక పడతారు" అన్నాడు డాక్టరు. మీ అమ్మ ముఖం మాత్రం సున్నం కొట్టినట్టయింది, నీ వైపు చూడలేక కుట్లు వేసే దారం వైపే చూస్తూ నిలబడింది. అది భయపడుతోంది, పిచ్చుకా. అందుకే తలుపు వేసుకుంటోంది. లోపల రాయడం లేదు. చెవి పెట్టి ఆ తలుపులోంచి విన్నాను, పెన్ను చప్పుడు లేదు.

సోమవారం నుంచి నేను దూకడం మొదలుపెట్టాను. పాటలో మిగతావన్నీ నావే కదా, ఇదొక్కటీ నాదైపోతే అందులో నీదంటూ ఏమీ మిగలదు. అదీ నా లెక్క. చదువు లేనిదాని లెక్క, తప్పో ఒప్పో తెలియదు. మొదటి రోజు దూకితే కళ్ల ముందు నక్షత్రాలు కనిపించాయి, కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. లోపలి నుంచి మీ అమ్మ గొంతు, "వచ్చావా పిచ్చుకా?" అని. నువ్వు కాలికి కట్టుతో ముందు గదిలో పడుకున్నావు, ఆ సంగతే మరిచిపోయింది. నేను గొంతు సన్నం చేసి, "వచ్చానమ్మా" అన్నాను. లోపల కుర్చీ వెనక్కి వాలిన చప్పుడు వినపడింది. హాయిగా ఊపిరి పీల్చుకుని ఉంటుంది.

ఇవాళ ఆరో రోజు. మీ చిన్న తాత పదకొండు, ఇస్త్రీ ఆవిడ ఇరవై. ఇంకో సంగతి చెప్పాలి, భయపడకు, నా చెయ్యి పట్టుకో. ఈ మధ్యాహ్నం ఈ గోడకే ఆనుకుని కునుకు తీశాను. అవతలి పక్క నుంచి ఎవరో తట్టారు, మూడుసార్లు. పక్క వాటా ఏప్రిల్ నుంచి ఖాళీ, తాళం వేసి ఉంది. నాకు భయం వేయలేదు. ఇంకా నయం, చిరునామా తప్పలేదు అనుకున్నాను. తిరిగి తట్టలేదు గాని. నీకు ఇది చెప్పకుండా ఎలా తడతాను?

ఇక నా మాట విను. కట్టు విప్పాక నువ్వు మెట్లు ఒక్కొక్కటే ఎక్కాలి, కమ్మీ పట్టుకుని. చివరిది కూడా అంతే, ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, చప్పుడు లేకుండా. దూకాలనిపిస్తే నన్ను తలుచుకుని ఆగు. పైకి రాగానే నోటితో పిలువు, "అమ్మా, వచ్చాను" అని. మీ అమ్మ కొత్త చప్పుడు నేర్చుకుంటుంది. మెల్లగానైనా నేర్చుకుంటుంది.

ఆ పాట ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా వినిపిస్తుంది. బడిలో అడుగుతారు, బస్సులో అడుగుతారు, నువ్వు నా అంత అయ్యాక కూడా ఎవరో ఒకరు అడుగుతారు, ఈ పాటలో పిల్ల ఎవరని. తెలియదనకు. నేనేనని పొరపాటున కూడా అనకు. మా అమ్మమ్మ అని చెప్పు. చల్లటి నీళ్లు ఊదుకుని తాగింది మా అమ్మమ్మ, పొట్టు దాచుకుంది మా అమ్మమ్మ, గోడ తట్టింది మా అమ్మమ్మ, చివరి మెట్టు మీదికి దూకింది కూడా మా అమ్మమ్మే అని చెప్పు. ఎంతమందికి చెబితే అంత గట్టిగా అది నాదవుతుంది. విన్నవాళ్లను ఇంకొకరికి చెప్పమను. మీ అమ్మకు మాత్రం చివర చెప్పు, తనంతట తను అడిగిన రోజున.

ఆరవుతోంది. నేను కిందికి వెళ్లి పాలు తెచ్చుకొస్తాను. తలుపు దగ్గరికి రావద్దు, ఇక్కడే కూర్చో. చప్పుడు వినపడ్డాక నేను పలకడం ఆలస్యమైతే, ఆ దూకింది ఎవరో మెట్ల మీదికి వచ్చినవాళ్లందరికీ నువ్వే చెప్పాలి. ఏదీ, నేను వెళ్లేలోగా ఒక్కసారి చెప్పు, వింటాను. 'మా అమ్మమ్మ' అని మొదలుపెట్టు.